ప్రళయకావేరి పక్షులు

మార్గశిర మాసమున తెల్లవారుజామునే సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు రోడ్డుపై తూర్పుగా సాగినవారికి, కొంతసేపటికి ఇరువైపుల పొలములు మాయమై నీరే కనుపించును. మంచు దట్టముగా నున్నపుడు నీరెచ్చట ముగిసినదో, ఆకాశమెచ్చట మొదలైనదో తెలియదు. చప్పుడు మాత్రము వినబడుచుండును. వేలకొలది గొంతుకల గుజగుజ యది. పక్షులను చూడవచ్చినవారు మొట్టమొదట వానిని చెవులతోనే తెలిసికొందురు.

ఈ నీరు పులికాట్ సరస్సు. ఆ ప్రాంతపు తెలుగువారు దీనిని ప్రళయకావేరి యందురు. సముద్రముతో సంబంధముగల ఉప్పునీటి సరస్సులలో ఒడిశాలోని చిలికా తరువాత మనదేశమున ఇదియే పెద్దది. ఉత్తర దక్షిణములుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవున వ్యాపించి, అధికభాగము ఆంధ్రప్రదేశమునను, దక్షిణపు కొస తమిళనాడునను ఉన్నది. దీనికిని బంగాళాఖాతమునకును నడుమ అడ్డుగోడవలె నున్న ఇసుకదీవియే శ్రీహరికోట. 1971 మొదలు రాకెట్లను ప్రయోగించుచున్న స్థలమదియే. పేరులో ప్రళయమున్నను సరస్సు మిక్కిలి సాధువు. దీని సగటు లోతు ఇంచుమించుగా ఒక మీటరు మాత్రమే; పెక్కుచోట్ల మోకాలిలోతు నీరైనను ఉండదు. పక్షులను ఇచ్చటికి రప్పించునది ఈ లోతులేనితనమే.

ప్రొద్దు పొడిచి మంచు విడిపోవుసరికి దూరమున నీటిపై తెల్లని గీత యొకటి కనబడును. ఉప్పుకుప్పలేమో యని క్రొత్తవారు భ్రమపడుదురు. బైనాక్యులరు కంటి కానించినచో ఆ గీత కదలును. అవి ఫ్లెమింగోలు. నాలుగడుగులకు మించిన యెత్తు, వెదురుబద్దలవంటి గులాబిరంగు కాళ్లు, పామువలె వంగు మెడ, నడుమ విరిచినట్లున్న ముక్కు వీని లక్షణములు. రెక్కలు ముడిచియున్నపుడు తెల్లగా కనుపించు పక్షి, ఎగిరినంతనే పగడపు రంగును, నల్లని అంచును బయటపెట్టును.

తెలుగున దీనిని రాజహంస యని వ్రాయుట వాడుక యైనది. కావ్యములలోని రాజహంస ఇదియే యని చెప్పుటకు ఆధారము చాలదు. అయినను ఆ పేరు దీనికి ఒకవిధముగా తగియే యున్నది. కవుల హంస పాలను నీటినుండి వేరుచేయునట. ఆ విద్యను చూచినవారు లేరు. ఈ పక్షి బురదనీటినుండి ఆహారమును వేరుచేయుటను ఎవరైనను చూడవచ్చును. అది కాళ్లతో అడుగు బురదను త్రొక్కి కలచి, తలను తలక్రిందులుగా నీట ముంచును. అపుడు దాని ముక్కు పైదవడ నేలవైపునకు వచ్చును. లావైన నాలుక పంపులోని కడ్డీవలె ముందువెనుకలకు వేగముగా కదలుచు నీటిని లోనికి లాగి వెలికి నెట్టును. ముక్కు అంచులనున్న సన్నని పలుచటి రేకులు జల్లెడవలె పనిచేసి చిన్నరొయ్యజాతి పురుగులను, నాచును, విత్తనములను నిలుపును. ఆ యాహారమునందలి వర్ణద్రవ్యమే ఈకలకు గులాబిరంగు నిచ్చుచున్నది. పిల్లలు పుట్టినపుడు బూడిదవన్నెతో నుండును. రంగు వచ్చుటకు కొన్నియేండ్లు పట్టును.

ఈ పక్షులన్నియు సైబీరియానుండి వచ్చునని పలువురు చెప్పుచుందురు. అది పూర్తిగా నిజము కాదు. సూదివంటి తోకగల బాతులు, గరిటెముక్కు బాతులు, పొడుగుముక్కుల ఉల్లంకి జాతులు కొన్ని నిజముగా ఉత్తరదేశములనుండియే వచ్చును. అచ్చటి చెరువులు గడ్డకట్టి ఆహారము దొరకకుండుటయే వాని ప్రయాణమునకు ముఖ్యకారణము. ఫ్లెమింగోల సంగతి వేరు. మనదేశమున అవి గ్రుడ్లు పెట్టు ప్రధానస్థానము గుజరాతులోని కచ్ఛ్ రణ్ అను ఉప్పుబయలు. అచ్చట మట్టిని కుప్పగా పేర్చి, పైన పళ్లెమువలె గుంటచేసి గూడు కట్టును. ఇక గూడబాతులు పూర్తిగా మన ఇంటివే.

గూడబాతును చూచుటకు సూళ్లూరుపేటకు ఉత్తరముననున్న నేలపట్టుకు పోవలెను. ఇది 1976లో పక్షుల రక్షణకేంద్రమైనది. చెరువునీటిలో నిలిచిన కడపచెట్ల కొమ్మలపై గూళ్లు క్రిక్కిరిసి యుండును. పొలమునకు నీరు తోడు గూడవలె ముక్కుక్రింద సంచి వ్రేలాడు ఈ పక్షికి ఆ పేరు పెట్టినవాడు రైతే అయియుండును. నేలపట్టు రైతులకు దీనితో ఇంకొక సంబంధమున్నది. పక్షుల రెట్టలు చెరువునీట కలియును; ఆ నీరు పొలములకు ఎరువగును. కావున ఊరివారు పక్షుల రాకను శుభముగా నెంచుదురు.

గూడు నేలపట్టున నున్నను, మేతకై గూడబాతులు ప్రళయకావేరికి పోవును. కావున సరస్సునకు కీడు కలిగినచో చెరువుగట్టుననున్న పిల్లలకు కడుపు నిండదు. ఆ కీడు ఎటనుండి వచ్చునో జాలరులకు చక్కగా తెలియును. కాళంగి మొదలగు ఏరులు వానకాలమున మంచినీటిని తెచ్చును; సముద్రపు పోటు ముఖద్వారములగుండ ఉప్పునీటిని, చేపపిల్లలను తెచ్చును. రెండును సరిపడిననే సరస్సు బ్రతుకును. ముఖద్వారములు ఇసుకతో పూడినపుడు పోటు లోనికి రాదు. వానలును తప్పినచో వేసవికి ముందే నీరు ఇంకి, మిగిలినది సముద్రముకంటె ఉప్పనగును. కొన్నిచోట్ల అడుగు బీటలు వారును. అపుడు ఫ్లెమింగోలు వేరొక నీటికి ఎగిరిపోవును. జాలరి ఎగిరిపోలేడు. పూడిక తీయించుడని వారు చిరకాలముగా కోరుచుండుట అందుకే.

చూడవచ్చువారివలనను కొంత బాధ కలదు. ఫోటోకొరకు కేకలువేసి, రాళ్లు రువ్వి గుంపును లేపువారు అరుదు కారు. వేలపక్షులు ఒక్కమారు లేచుట కన్నులపండువే. కాని లేచినపక్షి మేత మానును; కూడబెట్టిన బలమును వ్యర్థముగా ఖర్చుచేయును. మాసినరంగు బట్టలు కట్టి, ఒకచోట కదలక గంటసేపు కూర్చుండువానికి దొరకు దృశ్యము రాయి విసరినవానికి దొరకదు.

సాయంకాలము నాలుగు దాటగా నేలపట్టు గట్టుపైనున్నవారు తూర్పువైపు చూచుచుందురు. మొదట చుక్కలవలె, పిదప వరుసగా, రెక్కలు అరుదుగా ఆడించుచు గూడబాతులు తిరిగివచ్చును. అంతబరువైన పక్షి సన్నని కొమ్మపై వాలునపుడు చెట్టంతయు ఊగును. గూటిలోని పిల్ల రెక్కలు కొట్టుకొనుచు తల్లి ముక్కులోనికి తనతలను మెడవరకు దూర్చి, ఆనాడు ప్రళయకావేరిలో దొరికిన చేపలను వెదకికొనును.