బాపు అక్షరం, బాపు ఫాంట్

నల్లకుంట నుంచి తార్నాక దాకా ఫ్లెక్సీలు చూస్తూ వెళ్లండి, బాపు రాతలాంటి ఫాంట్ ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. శుభలేఖల్లో అయితే చెప్పక్కర్లేదు. కానీ అది టైప్ చేసిన బాపు, గీసిన బాపు కాదు.

బాపు (1933–2014) పుస్తకాల అట్టల మీద అక్షరాన్ని కూడా బొమ్మలాగే గీశారు. బొమ్మలో చీర కుచ్చిళ్లకు వాడిన గీతే టైటిల్‌లోని తలకట్టులోనూ కనిపిస్తుంది.

1990లలో న్యూయార్క్ పబ్లిక్ థియేటర్ పోస్టర్లలో పౌలా షేర్ కూడా అక్షరాలనే బొమ్మగా మార్చారు. లావువీ సన్నవీ కలిపి, పోస్టరంతా నింపేశారు. అవి ఇంగ్లిష్ క్యాపిటల్స్, ఇటుకల్లా పేర్చొచ్చు. మన 'స్త్రీ' చూడండి: పైన గుడి దీర్ఘం, కింద రెండు వత్తులు. ఇటుక ఎలా అవుతుంది? బాపు గీతలో ఆ వత్తులు అడ్డు కాలేదు, అందమంతా వాటిలోనే ఉంది.

'అమ్మమ్మ' అని టైప్ చేస్తే రెండు 'మ్మ'లూ జిరాక్స్ తీసినట్టుంటాయి. చేత్తో రాస్తే రెండోది కొంచెమైనా మారుతుంది. ఓపెన్‌టైప్‌లో 'కాంటెక్స్చువల్ ఆల్టర్నేట్స్' అని ఒక సదుపాయం ఉంది: ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు గీసిపెడితే, పక్కనున్న అక్షరాన్ని బట్టి ఫాంట్ మార్చుకుంటుంది. ఆ మాట కోపంగా అన్నారా, ముద్దుగా అన్నారా అన్నది మాత్రం దానికి తెలీదు (మన కోడ్‌కీ తెలీదు).

అందుకే ఈసారి ఫెస్ట్ పోస్టర్‌కి వివరాలన్నీ మామూలు ఫాంట్‌లో పెడదాం, వత్తులు కింది లైన్‌కి తగలకుండా లైన్ స్పేసింగ్ పెంచి. టైటిల్ మాత్రం కాగితం మీద బ్రష్‌తో ఎవరైనా రాయండి. స్కాన్ చేసి ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ చేయడం నా పని.