గాలి తగ్గింది, వాన మిగిలింది

బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే ఖరగ్‌పూర్ తెలుగువారు ఆరా తీయాల్సిన ఊళ్లు రెండు. ఆ రెంటినీ ఎక్కువసార్లు ముంచింది పేరున్న తుపాను కాదు.

2021 డిసెంబర్ 3. 'జవాద్' తుపాను ఉత్తరాంధ్ర వైపు వస్తోందన్న హెచ్చరికలతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల యంత్రాంగం పరుగులు పెడుతోంది. లోతట్టు ప్రాంతాల నుంచి 50 వేల మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. తూర్పు కోస్తా రైల్వే పదుల సంఖ్యలో రైళ్లను రద్దు చేసింది. ఆ రైళ్లు ఆగితే ఆంధ్రకు దారి మూసుకుపోయే రైల్వే పట్టణం ఖరగ్‌పూర్. ఇందా వంటి పేటల్లోని తెలుగిళ్లలో తుపాను రోజుల్లో ఫోన్లన్నీ దక్షిణానికే మోగుతాయి. కొబ్బరి చెట్లెలా ఉన్నాయి, కోసిన చేను కుప్ప వేశారా, అమ్మను మేడ ఇంటికి తీసుకెళ్లారా అన్నవే ప్రశ్నలు.

డిసెంబర్ 4న జవాద్ సముద్రంలోనే బలహీనపడి తీవ్ర వాయుగుండంగా మారింది. ఉత్తరాంధ్ర ఊపిరి పీల్చుకుంది. కథ అక్కడితో ముగియలేదు. మిగిలిన మేఘం తీరం వెంట ఉత్తరానికి తిరిగి, 5న పూరీ దగ్గరకు చేరింది. అక్కడి నుంచి అల్పపీడనంగా నీరసిస్తూనే దక్షిణ బెంగాల్ మీద వాన కుమ్మరించింది. అప్పటికి బెంగాల్ పొలాల్లో వరి పనలు ఇంకా నేల మీదే ఉన్నాయి. బంగాళాదుంప విత్తనం అప్పుడే నాటారు. మేదినీపూర్, హుగ్లీ, బర్ధమాన్ జిల్లాల్లో ఆ విత్తనం నీట కుళ్లింది. తుపాను శ్రీకాకుళానికి రాలేదు. దాని వాన మాత్రం మేదినీపూర్‌కు వచ్చింది.

ఇందా ఖరగ్‌పూర్‌లోని పాత పేట. ఒరిస్సా ట్రంక్ రోడ్డు మీద ఉంటుంది. ఖరగ్‌పూర్ కాలేజీ ఇక్కడిదే. పట్టణానికి పేరు తెచ్చిందని చెప్పే ఖడ్గేశ్వర శివాలయమూ ఇక్కడిదే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 19వ శతాబ్దం చివర ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా చేసి, తర్వాత వర్క్‌షాపు కట్టినప్పుడు ఉత్తర సర్కారు జిల్లాల నుంచి తెలుగువారు పనుల కోసం వచ్చారు. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఆ రైల్వే కార్మికుల సంఘంలోనే నాయకుడిగా ఎదిగారు. తాతలు దిగిన చోటే మనవలు స్థిరపడ్డారు. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ప్రధాన కారణం ఈ పట్టణమే.

ఖరగ్‌పూర్ నుంచి సొంతూరికి వెళ్లే రైలు మార్గాన్ని పటంలో చూస్తే వీరి వాతావరణ చింత సులువుగా అర్థమవుతుంది. బాలేశ్వర్, భద్రక్, కటక్, బరంపురం, పలాస, శ్రీకాకుళం రోడ్, విజయనగరం... అంతా తీరం వెంటే. వాయవ్య బంగాళాఖాతంలో గానీ, పశ్చిమ మధ్య బంగాళాఖాతంలో గానీ పుట్టిన అల్పపీడనం ఈ దారిలో ఎక్కడో ఒకచోట తగలాల్సిందే. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర, 2021 మేలో యాస్ బాలేశ్వర్ దగ్గర తీరం దాటాయి. ఒక చివర తప్పితే మరో చివర.

అందుకే ఇక్కడివారికి ఒక కార్యాలయం మాట చాలదు. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం, భువనేశ్వర్ వాతావరణ కేంద్రం, కోల్‌కతాలోని అలీపూర్ కార్యాలయం - మూడూ కావాలి. మూడు భాషలూ కావాలి. తెలుగు పత్రిక అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అని మెట్లు మెట్లుగా చెబుతుంది. బెంగాలీ పత్రికల వాడుకలో అల్పపీడనానికీ, వాయుగుండానికీ తరచూ ఒకటే మాట, 'నిమ్నచాప్'. కాస్త బలపడితే దాని ముందు 'గభీర్' చేరుతుంది. ఒడియాలో 'లఘుచాప్' వేరు, 'అవపాత్' వేరు. మూడు భాషల మధ్య బతికే మనిషి 'నిమ్నచాప్' అన్న మాట విని అది ఏ మెట్టు అని అడగడం చాదస్తమేమీ కాదు.

అయితే ఆ మెట్లు చెప్పేది గాలి సంగతి. భారత వాతావరణ శాఖ లెక్కలో గంటకు 31 కిలోమీటర్లలోపు గాలి ఉంటే అల్పపీడనం. 49 దాకా వాయుగుండం. 61 దాకా తీవ్ర వాయుగుండం. 62 నుంచి తుపాను. అప్పుడే దానికి పేరు పెడతారు. పేరు రాగానే టీవీల్లో లెక్కింపు మొదలవుతుంది, మంత్రులు సమీక్షలు చేస్తారు, షాలిమార్ యార్డులో బోగీలను గొలుసులతో పట్టాలకు కట్టేస్తారు. ఇవన్నీ అవసరమే. కానీ వాన ఎంత పడుతుందో ఈ మెట్లు చెప్పవు. గంటకు 30 కిలోమీటర్ల గాలి కూడా లేని అల్పపీడనం ఒకేచోట రెండు రోజులు కదలకుండా కూర్చుంటే, వేగంగా వచ్చి వెళ్లిపోయే తుపాను కంటే ఎక్కువ నీళ్లు పోస్తుంది.

2021 సెప్టెంబర్ నెలే దీనికి పెద్ద పాఠం. 13న తీవ్ర వాయుగుండం ఒడిశాలోని చాంద్‌బాలీ దగ్గర తీరం దాటింది. పూరీలో ఒక్కరోజే 341 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వారంలో మేదినీపూర్ జిల్లాలూ తడిసి ముద్దయ్యాయి. తూర్పు మేదినీపూర్‌లోని పటాశ్‌పూర్ దగ్గర కేలెఘాయ్ నది కట్ట తెగి ఊళ్లకు ఊళ్లు నీట మునిగాయి. 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. విశాఖ విమానాశ్రయంలోకి నీళ్లొచ్చాయి. ఫోన్లు మళ్లీ దక్షిణానికి మోగే వేళ అది. కానీ ఆ నెలాఖరుకు మరో అల్పపీడనం బెంగాల్ మీదికే వచ్చింది. సెప్టెంబర్ 30 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో అసన్‌సోల్‌లో 434.5 మిల్లీమీటర్లు, బాంకుడాలో 354.3 మిల్లీమీటర్లు నమోదయ్యాయి. 204.4 మిల్లీమీటర్లు దాటితేనే వాతావరణ శాఖ దాన్ని అత్యంత భారీ వర్షం అంటుంది. ఆ నెల ఈ మూడింటిలో పేరున్నది గులాబ్ ఒక్కటే.

మిల్లీమీటర్లంటే చాలామందికి చప్పున అందదు. ఒక చదరపు కిలోమీటరు నేల మీద 100 మిల్లీమీటర్ల వాన పడిందంటే 10 కోట్ల లీటర్ల నీరన్న మాట. ఖరగ్‌పూర్ ఎర్రమట్టి మెట్ట మీద ఉంది కాబట్టి ఆ నీటిలో చాలా భాగం పల్లానికి జారిపోతుంది. పట్టణానికి ఇబ్బంది ప్రధానంగా మురుగు కాల్వలు పొంగే పల్లపు వీధుల్లోనే. అసలు కష్టం దిగువ ఊళ్లది. కంసావతి, శిలావతి, సువర్ణరేఖ నదులు ఛోటానాగ్‌పూర్ పీఠభూమి నుంచి దిగి వస్తాయి. అల్పపీడనాలు ఎక్కువగా పశ్చిమ వాయవ్య దిశగా, అంటే ఆ పీఠభూమి మీదికే వెళతాయి. అందువల్ల ఇక్కడ వాన తెరిపిచ్చి, ఎండ కాసిన రెండు రోజులకు వరద వస్తుంది. పైన ముకుట్‌మణిపూర్ జలాశయంలోనో, జార్ఖండ్‌లోని గాలూడీ బ్యారేజీలోనో గేట్లు ఎత్తారన్న కబురు దానికి ముందు వస్తుంది. ఘాటాల్ వంటి పళ్లెం లాంటి ప్రాంతంలో నీరు చేరాక అది బయటకు పోవడానికి రూపనారాయణ్ నదిలో సముద్రపు పోటు కూడా అడ్డు పడుతుంది.

2024 సెప్టెంబర్ మధ్యలో తీవ్ర వాయుగుండం దక్షిణ బెంగాల్ మీదుగా జార్ఖండ్ వైపు నెమ్మదిగా కదిలినప్పుడు జరిగిందిదే. ఘాటాల్ మునిగింది. పాంశ్‌కుడా దగ్గర కంసావతి కట్టకు గండి పడింది. దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ చెప్పాపెట్టకుండా నీళ్లు వదలడం వల్లే ఇదంతా, ఇది మనుషులు తెచ్చిన వరద అని ముఖ్యమంత్రి మమతా బెనర్జీ మండిపడ్డారు. జార్ఖండ్ సరిహద్దులో సరుకు లారీలనూ ఆపించారు. కేంద్రం ఆ ఆరోపణను కొట్టిపారేసింది. దామోదర్ దిగువ జిల్లాల విషయంలో ఆ వాదనకు బలమున్నా, కంసావతి జలాశయం రాష్ట్ర ప్రభుత్వానిదేనన్న సంగతిని ఆ గొడవలో పెద్దగా ఎవరూ తలవలేదు.

సొంతూరి వైపు చివరా ఇదే తంతు. అంతకు రెండు వారాల ముందు, 2024 సెప్టెంబర్ 1 తెల్లవారుజామున ఒక వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. పటంలో ఆ చుక్క చూసినవారు శ్రీకాకుళానికి ఫోన్ చేయడమే సహజం. మునిగింది మాత్రం అక్కడికి 400 కిలోమీటర్లకు పైగా దూరంలోని విజయవాడ. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వంటి కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీకి మునుపెన్నడూ లేనంతగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కేసముద్రం దగ్గర పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు నిలిచిపోయాయి. రుతుపవన కాలపు వాయుగుండానికి నైరుతి భాగంలో వానలు ఎక్కువగా ఉంటాయి. కేంద్రం ఉన్న చోటే కష్టం ఉంటుందనుకుంటే పొరపాటే.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. కోనసీమ గాలికి వణికింది. మర్నాడు, తుపాను బలం కోల్పోతున్న వేళ, వరంగల్, హనుమకొండ నీట మునిగాయి. డోర్నకల్ స్టేషన్లో పట్టాలు కనిపించలేదు. దానికి నెల ముందు, సెప్టెంబర్ 23న, దుర్గా పూజల ముంగిట కోల్‌కతాలో 24 గంటల్లోపే 251.4 మిల్లీమీటర్ల వాన పడింది. చనిపోయినవారిలో ఎక్కువమంది నీళ్లలో కరెంటు షాక్ తగిలినవారే. ఆ వానకు కారణం ఉత్తర బంగాళాఖాతంలోని ఒక అల్పపీడనం. దానికి పేరు లేదు.

ఈ తీరం రెండు చివరలకూ పాత లెక్కలు కూడా ఉన్నాయి. 1864 అక్టోబర్ 5న కలకత్తాను ముంచెత్తిన తుపాను వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. నెల తిరక్కుండా నవంబర్ 1న మరో తుపాను మచిలీపట్నాన్ని ఉప్పెనలో ముంచింది. కలకత్తా విపత్తు మర్నాడే కాదు, ఏడాది తర్వాత ఆ రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు వచ్చింది. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. అయినా 1942 అక్టోబర్ 16న మేదినీపూర్ తీరాన్ని కాటేసిన తుపానులో దాదాపు 15 వేల మంది చనిపోయారు. యుద్ధం, క్విట్ ఇండియా ఉద్యమం నడుస్తున్న రోజులవి. ఆ విపత్తు వార్తను సైతం ప్రభుత్వం కొన్నాళ్లు బయటకు రానివ్వలేదు. కబురు తెలియకపోవడం ఎంత ఖరీదైన సంగతో మేదినీపూర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేడు కబురుకు కొదవ లేదు. 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్‌శాట్-3డీఎస్ ఉపగ్రహం మేఘాలను కనిపెడుతుంటుంది. విశాఖ, గోపాల్‌పూర్, పారాదీప్, కోల్‌కతాల్లో డాప్లర్ రాడార్లున్నాయి. వాతావరణ శాఖ అధిపతి మృత్యుంజయ్ మహాపాత్ర స్వయంగా భద్రక్ ప్రాంతం వాడు, ఇదే రైలు మార్గం మీది మనిషి. తుపాను దారిని ఒక రోజు ముందు చెప్పడంలో సగటు పొరపాటు ఇప్పుడు 100 కిలోమీటర్లలోపే. వీరికి తోడు సొంత ఆసక్తితో ఉపగ్రహ చిత్రాలు, మోడళ్లు పరిశీలించి మామూలు తెలుగులో చెప్పే యువకులు బయల్దేరారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ 'ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్'గా పేరు తెచ్చుకున్న సాయిప్రణీత్‌ను ప్రధాని నరేంద్ర మోదీ 2021 జూలై మన్ కీ బాత్‌లో మెచ్చుకున్నారు. ఇలాంటివారి మేలెంతో, పది రోజుల ముందే ఎర్రటి బొమ్మ పెట్టి మహా తుపాను వస్తోందని బెదరగొట్టేవారి కీడూ అంతే. పది రోజుల ముందు ఒక మోడల్ గీసిన బొమ్మ మర్నాటికే మారిపోతుంది. శాఖ అధికారికంగా తొలి హెచ్చరిక ఇచ్చేది 72 గంటల ముందే.

దారి చెప్పడం మెరుగైనంతగా వాన చెప్పడం మెరుగుపడలేదు. ఏ జిల్లాలో భారీ వాన అన్నది చెప్పగలరు. ఏ వాగు మీద, ఏ గంటకు అన్నది కష్టం. కాబట్టి అనుభవం ఉన్నవారు బులెటిన్‌లో గాలి వేగంతో ఆగరు. గత ఆరు గంటల్లో అది గంటకు ఎన్ని కిలోమీటర్ల చొప్పున కదిలిందన్న వాక్యం చూస్తారు. 5, 6 అని ఉంటే కీడు శంకించాలి. తర్వాత జిల్లాల వారీ వాన రంగులు, ఆపైన జలాశయాల నీటి విడుదల.

2024 అక్టోబర్ 24 అర్ధరాత్రి దానా తుపాను ధామ్రా దగ్గర తీరం దాటినప్పుడు ఆగ్నేయ రైల్వే ముందే 150కి పైగా రైళ్లను రద్దు చేసింది. సాధారణంగా క్షణం తెరిపి ఉండని ఖరగ్‌పూర్ లైన్లు వెలవెలబోయాయి. గాలి భయపడినంత నష్టం చేయలేదు. 25న రైళ్లు ఒక్కొక్కటే కదిలాయి. కోల్‌కతా వీధుల్లో మాత్రం ఆ రోజంతా మోకాళ్ల లోతు నీరు.

ఘాటాల్‌ను కాపాడే పథకం ఆలోచన 1959 నాటి మాన్‌సింగ్ కమిటీది. 1982లో శంకుస్థాపన జరిగింది. కేంద్రం నిధులివ్వడం లేదంటూ చివరికి రాష్ట్రమే 1,500 కోట్ల రూపాయల పథకానికి పూనుకుని, 2025-26 బడ్జెట్‌లో 500 కోట్లు కేటాయించింది. ఆ ఏడాది వానాకాలంలోనూ ఘాటాల్ జనం పడవల మీదే తిరిగారు.