ఇరువదినాలుగు తలుపుల పటము

డిసెంబరు నెల ప్రవేశించినంతనే క్రైస్తవ గృహములలోని చిన్నపిల్లలు పెద్దలను వేధించు ప్రశ్న యొకటి కలదు. "పండుగకు ఇంకెన్ని రోజులు?" ఉదయము లేవగానే అదే ప్రశ్న, బడినుండి రాగానే అదే ప్రశ్న. "ఇరువది దినములు" అని బదులు చెప్పుట సులభమే. కాని అయిదేండ్ల బిడ్డకు ఇరువది యనునది సంఖ్య కాదు, దాటరాని యేరు. చూచుటకును, తాకుటకును, ఒక్కొక్కటిగా తరిగించుటకును వీలగునట్లు ఆ దినములను బిడ్డ చేతికిచ్చు సాధనమును అడ్వెంటు క్యాలెండరు అందురు. నేను దీనిని ఆగమన పటమని పిలుచుచున్నాను. ఇంటిలోనే రెండు అట్టలతో దీని నెట్లు చేయవచ్చునో, అందేమి యుంచవలెనో, ముఖ్యముగా అందేమి యుంచరాదో నేడు మనవి చేసెదను.

అడ్వెంటు అను మాటకు లాటినుభాష మూలము. రాక యని దాని యర్థము. మన తెలుగు సంఘములలో ఈ దినములను ఆగమన కాలమందురు. క్రిస్టమసుకు ముందు వచ్చు నాలుగు ఆదివారములును ఇందు చేరియుండును. ఏ తేదీన ఆదివారము వచ్చునో అది యేటేట మారుచుండును గావున, ఆగమన కాలపు మొదటి దినము కూడ నవంబరు 27కును డిసెంబరు 3కును మధ్య మారుచుండును. 2022లో అది నవంబరు 27న మొదలయ్యెను. 2023లో డిసెంబరు 3న మొదలయ్యెను. పటము నిట్లు ఏటేట మార్చుట కష్టము. అందుచే పటములలో డిసెంబరు 1 మొదలు 24 వరకు 24 గదులుంచుట వాడుక యైనది. దేవాలయపు లెక్క వేరు, గోడమీది లెక్క వేరు. తెలివిగల బిడ్డ యీ భేదమును కనిపెట్టి అడుగును. బదులు సిద్ధముగా నుంచుకొనుడు.

ఈ పద్ధతి జర్మను దేశమున పుట్టినది. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చటి కుటుంబములలో తలుపుమీద సుద్దతో 24 గీతలు గీచి, బిడ్డలచేత దినమున కొకటి చెరిపించెడివారు. 1839లో హాంబుర్గు నగరమున దిక్కులేని బాలురను పోషించుచుండిన యోహాన్ హిన్రిక్ వీఖెర్న్ అను బోధకుడు, పండుగ యెప్పుడని వారు మాటిమాటికి అడుగుచుండగా, ఒక బండిచక్రముమీద క్రొవ్వొత్తులు నిలిపి దినమున కొకటి వెలిగించెను. ఆదివారములకు పెద్దవి, తక్కిన దినములకు చిన్నవి. తరువాత మౌల్‌బ్రొన్ను అను ఊరిలో గేర్హార్డు లాంగు అను బాలునికి అతని తల్లి ఒక అట్టమీద 24 తీపి బిళ్లలను అమర్చి యిచ్చెను. ఆ బాలుడే పెద్దవాడై మ్యూనిక్ నగరమున అచ్చుపని చేపట్టి, ఇరువదవ శతాబ్దపు తొలి పదేండ్లలో ఇట్టి పటములను ముద్రించి యమ్మెను. మొదట నవి కత్తిరించి అతికించు బొమ్మలే. తలుపులు గల పటములు 1920 ప్రాంతమున వచ్చినవి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున కాగితపు కొరతచే అవి నిలిచిపోయినవి. 1946లో స్టుట్‌గార్టు నగరమున రిఖార్డు సెల్మరు అను ప్రకాశకుడు వాటిని మరల వెలువరించెను. నేడు చాకొలెట్లు నింపిన పెట్టెలుగా ఇవి పెద్ద అంగళ్లలో దొరకుచున్నవి. కాని అచ్చుయంత్రమునకు ముందు సుద్దముక్కయు, తల్లి చేతిలోని సూదియు నుండెనని మరువరాదు. ఇది యింటి పనిగా పుట్టి అంగడి కెక్కిన వస్తువు.

దినములను ఎంచుచు పండుగను ఎదుర్కొనుట మనకు క్రొత్త కాదు. ఇదే డిసెంబరు నెలలో మా వీధిలోని వైష్ణవ గృహములలో ధనుర్మాసము మొదలగును. ముప్పది దినములకు ముప్పది తిరుప్పావై పాశురములు. తెలంగాణమున బతుకమ్మ తొమ్మిది దినములలో ఎంగిలిపూలనాటినుండి సద్దులనాటివరకు దేని పేరు దానిదే. నాంపల్లిలోని మా ముస్లిము పొరుగువారు రంజాను దినములను ఉపవాసముతో లెక్కించి, తుదకు నెలవంకకై మేడ లెక్కి చూతురు. కావున ఆగమన పటము విదేశమునుండి వచ్చినదైనను, దాని భావము మన పిల్లలకు వింత కాదు.

ఇక చేయు విధము. ఇరువదెనిమిది అంగుళముల పొడవును ఇరువదిరెండు అంగుళముల వెడల్పును గల చార్టు అట్ట నొకటి తెచ్చుకొనుడు. ఆబిడ్సులో కాగితములమ్ము ఏ అంగడిలోనైన నిది దొరకును. దానినుండి పదునెనిమిది అంగుళముల పొడవు, పండ్రెండు అంగుళముల వెడల్పు గల ముక్కలు రెండు వచ్చును. ఒకటి ముందరి అట్ట, రెండవది వెనుకటి అట్ట. ముందరి అట్టమీద పొడవున ఆరు, వెడల్పున నాలుగు చొప్పున గీతలు గీచినచో మూడంగుళముల గళ్లు 24 ఏర్పడును. ప్రతి గడి నడుమను రెండంగుళముల చతురస్రము గీయుడు. చుట్టును అర అంగుళము మిగులును. అదియే తలుపు.

తలుపునకు మూడు వైపులనే కోయవలెను. నాలుగవ వైపు, అనగా ఎడమవైపు, సిరా అయిపోయిన కలముతో ఒత్తి గీచినచో అట్ట చక్కగా మడతపడును. కోయునప్పుడు క్రింద చెక్కపలక యుంచుడు. కత్తిపని పెద్దలదే, బిడ్డను ఆ సమయమున రంగులపని కప్పగింపుడు. కుడి అంచున గోరు దూరునంత అర్ధచంద్రాకారపు నొక్కు కోసినచో తలుపు తెరచుట సులభమగును. తలుపులమీద అంకెలను వరుసగా వేయవలదు. ఒకటి ఈ మూలను, రెండు ఆ మూలను వేసినచో ప్రతి ఉదయమును వెదకుట యొక ఆట యగును. మేము తెలుగు అంకెలు వేసితిమి. బడిలో నేర్పని ౧, ౨, ౩ అను గుర్తులను మా మనుమరాలు ఆ నెలలోనే నేర్చుకొనెను.

తరువాత ముందరి అట్టను వెనుకటిదానిపై సరిగా నుంచి, తలుపులన్నియు తెరచి, సీసపు కలముతో వెనుకటి అట్టమీద చతురస్రముల గుర్తు వేయుడు. ఆ గుర్తులకంటె కొంచెము పెద్దవైన బొమ్మలను కత్తిరించి అతికింపుడు. పాత పెండ్లి శుభలేఖ లిందుకు మిక్కిలి పనికివచ్చును. ఛత్తా బజారులో అచ్చగు శుభలేఖల పూలును, బంగారు గీతలును పారవేయుటకు మనసొప్పదు గదా. బొమ్మలు ఆరిన పిదప ముందరి అట్ట వెనుకవైపున, తలుపులు విడిచి నడుమ పట్టీలకు మాత్రమే పలుచగా జిగురు రాసి, రెండు అట్టలను అతికి, రాత్రి యంతయు బరువైన పుస్తకముల క్రింద నుంచుడు. జిగురు చిక్కనైనచో అట్ట ముడుతలు పడును. తలుపులకు తగిలినచో అవి తెరచుకొనవు.

ఇంకొక విధము అగ్గిపెట్టెలతో చేయునది. ఖాళీ అగ్గిపెట్టెలు 24 సేకరించి, వరుసకు ఆరేసి చొప్పున నాలుగు వరుసలు పేర్చి అతికించినచో 24 సొరుగుల చిన్న బీరువా యగును. లాగుటకు ప్రతి సొరుగునకు పూస గ్రుచ్చిన దారము కట్టుడు. ఇందు చిన్న వస్తువులు పట్టును. కాని తీపి పదార్థములు మాత్రము ఉంచకుడు. మన హైదరాబాదు చీమలకు పంచాంగముతో పనిలేదు. ఇరువదినాలుగవ సొరుగును అవి మొదటి రాత్రియే తెరచును. "వంటింటి జాడీలో రెండు గులాబిపువ్వులు నీవి" అని చీటి వ్రాసి యుంచినచో చాలును. ఆ దినము నూనెలో వేచిన గులాబిపువ్వులో, కజ్జికాయలో ఇంట సిద్ధముగా నున్న సరి.

తలుపుల వెనుక ఏమి యుంచవలెను? కొన్న వస్తువులు 24 ఉంచినచో బిడ్డ వస్తువులకై ఎదురుచూచును. చేయదగిన పనియో, చూడదగిన చోటో ఉంచినచో దినమునకై ఎదురుచూచును. మా యిల్లు చాపెల్ రోడ్డు ప్రక్క సందులో నున్నది గనుక, ఆబిడ్సు, నాంపల్లి పేటలే మా పటమునకు సరకు నిచ్చినవి. మొదటి తలుపు వెనుక నక్షత్రపు బొమ్మ. ఆ సాయంకాలము వాకిట కాగితపు నక్షత్రమును దీపముతో వ్రేలాడదీసితిమి. ఒక దినము గన్‌ఫౌండ్రీలోని పరిశుద్ధ యోసేపు కథీడ్రలు బొమ్మ. 1870లో పునాది వేసి 1875 నాటికి కట్టిన ఆ దేవాలయపు జంట గోపురములను చూచుటకు నడచి పోతిమి. ఒక దినము కార్డు బొమ్మ. అమ్మమ్మకు ఉత్తరము వ్రాసి ఆబిడ్సు పెద్ద తపాలా కచేరిలో వేయుట ఆనాటి పని. ఆదివారము పుస్తకపు బొమ్మ. అంగళ్లు మూసియుండు ఆ దినమున కాలిబాటలమీద పరచి యమ్ము పాతపుస్తకములలో ఒకటి బిడ్డయే ఏరుకొనవలెను. ఒక చీటిలో ఆ పేట పేరు కథ వ్రాసితిని: ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆల్బర్టు ఆబిద్ అను వర్తకుని అంగడివలన ఆ పేరు వచ్చినది.

ఇంకొక తలుపు వెనుక రైలుబొమ్మ. 1907లో కట్టిన నాంపల్లి స్టేషనులో పట్టాలు ఎచ్చట ముగియునో చూచి రావలెనని దాని భావము. మరియొక తలుపు వెనుక గడియారము. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెటు గోపురముమీద గంట చూచి చెప్పుట ఆనాటి పరీక్ష. 16వ తేదీ ప్రాంతమున ఎదురింటివారి ధనుర్మాసపు ముగ్గు చూచి వారిని పలుకరించుట. ఒక చలిదినమున, చినుగక బిడ్డకు పొట్టియైన ఉన్ని చొక్కాను తానే ఉతికి మడిచి, స్టేషను ముందర చలికి వణకు పసివానికి తన చేతితో ఇచ్చుట. నాలుగు ఆదివారములకు నాలుగు క్రొవ్వొత్తుల బొమ్మలు. 24వ తలుపు వెనుక పశువుల తొట్టియు, శిశువును. పని చిన్నదై, తప్పక జరుగునదై యుండవలెను. తలిదండ్రులకు తీరిక లేని దినమునకు దూరపు ప్రయాణము వ్రాయరాదు.

ఇచ్చట అన్నిటికంటె ముఖ్యమైన మాట చెప్పవలసియున్నది. మా కోడలు దూరదేశమున ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేయుచున్నది. ఒక యేడు డిసెంబరు 24న ఇల్లు చేరుదునని వ్రాసెను. పటము చేయుచుండగా మా మనుమరాలు తల్లి ఫొటో తెచ్చి, "తాతా, ఇది ఆఖరి తలుపులో పెట్టు" అనెను. ఇంటిలో అందరికిని అది ముద్దుగా తోచినది, "పెట్టరాదా, పాపము!" అని నా భార్యయు అనెను. నేను ఒప్పుకొనలేదు. పండుగ ఎవరాపినను ఆగదు. మనుష్యుల రాక అట్టిది కాదు. సెలవులు రద్దగును, విమానములు నిలిచిపోవును. పటము బిడ్డకు చేయు వాగ్దానము తప్పక నెరవేరవలెను. అందుచే ఫొటోను మొదటి తలుపు వెనుక, నక్షత్రము ప్రక్కన అతికించితిని. తక్కిన 23 తలుపుల వెనుక ఏమేమి యున్నవో వ్రాసి ఆ పట్టికను తల్లికి పంపితిని. నాటినుండి ప్రతి సాయంకాలమును టెలిఫోనులో, "ఈనాడు నీ తలుపులో ఏమున్నదో నేను చెప్పనా?" అని తల్లి యడుగును, "వద్దు, నేనే చెప్పెదను" అని బిడ్డ తొందరపడును.

రెండవ వారమున ఆమె సెలవు రద్దయినది. బిడ్డ ఏడ్వలేదని చెప్పను; రెండు దినములు ఏడ్చినది. మూడవనాడు తానే లేచి వెదకి 13వ తలుపు తెరచినది. తల్లి రాలేదని పటము ఆగలేదు. పటములో తల్లియు లేకపోలేదు. 24న తొట్టిలోని శిశువు ఉండవలసిన చోటనే యుండెను. తల్లి జనవరి రెండవ వారమున వచ్చెను. 1938లో ఆరంభమై నేటికిని సాధారణముగా జనవరి 1న నాంపల్లిలో మొదలగు నుమాయిష్‌కు వారిద్దరును కలిసి పోయిరి. ప్రవాసులైన తలిదండ్రులు మన నగరమున పెక్కురు గలరు. వారి రాకదినమును పిల్లల పటమునకు కట్టకుడని నా మనవి. తప్పక వచ్చుదానిని చివర నుంచుడు. ప్రేమించువారిని నడుమ నుంచుడు.

వాడు నియమములు స్వల్పము. దినమున కొక తలుపే తెరువవలెను. తెరచు వేళ యొకటిగా నుండవలెను. జ్వరముచే ఒక దినము తప్పినచో మరునాడు రెండును తెరువవచ్చును. ఇద్దరు బిడ్డలున్నచో సరిసంఖ్యలు ఒకరికి, బేసిసంఖ్యలు ఒకరికి పంచుడు. 24వది ఇద్దరును కలిసి తెరతురు. తొందరపడి ముందరి తలుపు తెరచిన బిడ్డను కొట్టవలదు, తిట్టవలదు. చూచినదానిని మరల మూయించి, ఆ దినము వచ్చువరకు ఎవరికిని చెప్పకుండు బాధ్యత నప్పగింపుడు. అయిదేండ్లవారికి అది చాలినంత బరువు.

పండుగ ముగిసిన పిదప పటమును పారవేయక, తలుపులు మూసి, నడుమ పాత వార్తాపత్రిక యుంచి, పురుగు పట్టకుండ ఎండు వేపాకుతో పెట్టెలో భద్రపరచుడు. మరుసటి యేడు బొమ్మలపైననే క్రొత్త చీటీలు అతికింపవచ్చును. నవంబరు చివరి వారమున ఒక సాయంకాలము దీనికై కేటాయింపుడు. అట్టయు, జిగురును తెచ్చుకొని, బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తలుపు లెన్నియో మొదట వానిచేతనే లెక్కింపజేయుడు.