విశ్వవిద్యాలయములకు రాష్ట్ర ధనసహాయము: శాసనసభ్యులకు విన్నపము చేయు విధము

కొన్నియేండ్ల క్రిందట ఒక మార్చి నెలలో మేమేడుగురము కలిసి ఒక శాసనసభ్యుని దర్శింపబోయితిమి. తమిళనాట మా ప్రాంతమునకు దగ్గరనున్న ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయమున తెలుగు అధ్యాపక పదవులు ఒకటొకటిగా ఖాళీపడి, నింపువారు లేక నిలిచియుండెను. వానికి కావలసిన ధనమును మంజూరు చేయింపుడని కోరుట మా యుద్దేశము. విన్నపపత్రమును నేనే వ్రాసితిని. మొత్తము నాలుగు పుటలు. అందు మొదటి రెండును కృష్ణదేవరాయల నాటినుండి మన భాష పొందిన వైభవమును వర్ణించుటకే సరిపోయినవి. ఆ సభ్యులు మమ్మాదరించి, మజ్జిగ ఇప్పించి, పత్రమును ఇటునటు త్రిప్పిచూచి ప్రక్కనున్న కార్యదర్శి చేతికిచ్చిరి. వారింట తెలుగే మాటలాడుదురు. చదువుట మాత్రము రాదు. పిమ్మట మూడు ప్రశ్నలు వేసిరి. ఎంత ధనము కావలెను? అది ఏ పద్దులో చేరవలెను? విశ్వవిద్యాలయమువారు ఈ సంగతిని ప్రభుత్వమునకు వ్రాసినారా? మూడింటిలో ఒక్కదానికైనను మాయొద్ద బదులు లేదు. "బడ్జెటు అచ్చై సభకు వచ్చినది గదా, ఇప్పుడు నేనేమి చేయుదును?" అని వారు నెమ్మదిగా అనిరి. వీధిలోనికి వచ్చిన తరువాత మాలో పెద్దవారొకరు, "మాష్టారూ, మనము పెండ్లి అయిన మరునాడు పందిరి వేయబోయితిమి" అనిరి.

ఆనాటి సిగ్గే నాచేత రాజ్యాంగమును, బడ్జెటు పుస్తకములను చదివించినది. తెలిసికొన్నదానిని మనవారి యుపయోగార్థము ఇచట వివరించుచున్నాను.

పాఠశాలలో తెలుగు చెప్పుకొనువానికి విశ్వవిద్యాలయపు లెక్కలతో పనియేమి యని మిత్రులు కొందరడుగుచుందురు. పని కలదు. నేను విరమించిన దినమున నా కుర్చీలో కూర్చుండవలసినవాడు తెలుగున పట్టము పొందియుండవలెను. వానికి చెప్పినవాడు ఎం.ఏ. చదివియుండవలెను. ఆ ఎం.ఏ. తరగతిని నడపువాడు పరిశోధన చేసినవాడై యుండవలెను. ఈ గొలుసులో పై కడియము తెగినచో క్రిందిది ఎంత గట్టిదైనను ఫలము లేదు. తమిళనాట 2006లో తమిళ విద్యాచట్టము వచ్చిన పిమ్మట, 1వ తరగతితో మొదలిడి ఏటికొక తరగతి చొప్పున 10వ తరగతి వరకు తమిళము నిర్బంధమైనది. తమిళము నేర్చుట మన పిల్లలకు మేలే. నేనును నేర్చితిని, ప్రీతితో చదువుదును. కాని ఆ యేర్పాటులో మాతృభాషకు మునుపున్న స్థానము సన్నగిల్లి, పరీక్ష విషయమున న్యాయస్థానముల మినహాయింపులకై ఎదురుచూచు స్థితి కలిగినది. బడిలో పిల్లలు తగ్గిరి గనుక కళాశాలలో చేరువారు తగ్గిరి. కళాశాలలో లేరు గనుక విశ్వవిద్యాలయమున పదవులనవసరమనిరి. అచట పదవులు లేవు గనుక బడికి ఉపాధ్యాయుడు దొరకడాయెను. గానుగెద్దు నడకవలె ఇది ఎచట మొదలైనదో అచటికే చేరుచున్నది.

మఱియొక సంగతి. మెకంజీ, బ్రౌను దొరలు సేకరించిన తెలుగు వ్రాతప్రతులు మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున చేరియున్నవి. తంజావూరు సరస్వతీమహలులో నాయకరాజుల నాటి తెలుగు గ్రంథముల ప్రతులున్నవి. తాటియాకు చేతబట్టి లిపిని పోల్చి, పాఠభేదములను నిర్ణయింపగలవారిని తయారుచేయుట పాఠశాలవలన కాదు, సాహిత్యసభలవలనను కాదు. అది విశ్వవిద్యాలయపు పని.

ఆ పనికి ఈ నేలపై మంచి పూర్వచరిత్ర కలదు. 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయమున 1927లో ప్రాచ్యభాషా పరిశోధనశాఖ వెలసినప్పుడు తెలుగునకును స్థానము లభించినది. కోరాడ రామకృష్ణయ్యగారు అచటనే ద్రావిడభాషల తారతమ్య పరిశీలనము సాగించిరి. అంతకు ఒక యేడు ముందు, 1926లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టినది. దానిని పుట్టించినది మద్రాసు శాసనమండలి చేసిన చట్టము. నాటి విద్యామంత్రి ఏ. పి. పాత్రోగారు బరంపురమువారు. తరువాత ఆ పరిషత్తునకు ఏటేట లక్ష రూపాయల దానమును కట్టడిచేసినవారు జయపురాధీశులు విక్రమదేవవర్మగారు. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు బరంపురము, జయపురము రెండును అందు చేరినవి. ఆంధ్రదేశమునకు వెలుపలివారమని నేడు మనలను మనము అనుకొనుచున్నాము. ఆంధ్రుల విశ్వవిద్యాలయమునకు చట్టము చేయించిన ఊరును, ధనమిచ్చిన ఊరును నేడు వెలుపలనే యున్నవి. శాసనసభ ద్వారమును తట్టుట మనకు కొత్త విద్య కాదని చెప్పుటకే దీనిని తలచితిని.

ఇక ధనము సంగతి. రాష్ట్ర విశ్వవిద్యాలయము రాష్ట్ర శాసనమువలన పుట్టును. రాజ్యాంగమున 7వ అనుబంధములోని రాష్ట్రజాబితా 32వ అంశము ఈ అధికారమును రాష్ట్రములకిచ్చినది. విద్య మాత్రము 1976 నాటి 42వ సవరణచే ఉమ్మడి జాబితాలోనికి పోయినది. ఉన్నతవిద్యా ప్రమాణముల నిర్ణయము మొదటినుండియు కేంద్రముదే. ఫలితమేమనగా, నియమములు ఢిల్లీనుండి వచ్చును, జీతములు రాష్ట్రమునుండి రావలెను. 1956 నాటి చట్టముతో నిలిచిన విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము ఒకప్పుడు కొత్త పదవిని కొన్నియేండ్లు తాను భరించి, పిమ్మట రాష్ట్రము భరింపవలెనను ఒప్పందముతో ఇచ్చెడిది. గడువు తీరిన పిమ్మట రాష్ట్రము పూనుకొనకున్న ఆ పదవికి దిక్కులేదు. 2013లో వచ్చిన రూసా పథకమునందును, దాని స్థానమున 2023లో వచ్చిన పి.ఎం. ఉష పథకమునందును పెద్ద రాష్ట్రములకు కేంద్రము 60 పాళ్లు, రాష్ట్రము 40 పాళ్లు. అనగా ఢిల్లీ ధనము కావలెనన్నను ముందు రాష్ట్రపు సంచి విప్పవలసినదే.

రాష్ట్రమిచ్చు గ్రాంటు చాలనప్పుడు విశ్వవిద్యాలయము పరీక్షా రుసుములపైనను, అనుబంధ కళాశాలల రుసుములపైనను, దూరవిద్యపైనను ఆధారపడును. వీనితోనే వృత్తి విరమించినవారి పింఛన్లును ఈయవలసిన చోట్లు కలవు. లెక్కల తనిఖీలో ఆక్షేపణలు మిగిలినచో గ్రాంటులో కొంత ఆగిపోవుటయు కలదు. ఇట్లు సొంత రాబడి పెరిగి ప్రభుత్వభాగము తగ్గుట యొక ఘనతగా కొందరు చెప్పుదురు. దాని ఫలమును మద్రాసు విశ్వవిద్యాలయము 2024 ఫిబ్రవరిలో చవిచూచినది. మొత్తము రాబడిలో సగమునకు మించి ప్రభుత్వ సహాయమైనప్పుడే ప్రభుత్వ విద్యాసంస్థగా పన్ను మినహాయింపు దొరకునని నాటి ఆదాయపు పన్ను నియమము. గ్రాంటు సగమునకు తక్కువైనదని పన్ను శాఖవారు బాకీ కట్టి, విశ్వవిద్యాలయపు బ్యాంకు లెక్కలను స్తంభింపజేసిరి. రాష్ట్రము తక్కువ ఇచ్చుట ఒక నష్టము. తక్కువ ఇచ్చినందుకు పన్ను పడుట రెండవ నష్టము.

ధనము చాలనప్పుడు ఎవరినీ తొలగింపరు. విరమించినవారి స్థానమును నింపక ఊరకుందురు. ఇది చప్పుడు కాని కోత. 30 మంది యున్న శాఖలో ఒకరు పోయినచో తక్కినవారు సర్దుకొందురు. ముగ్గురున్న తెలుగు శాఖలో ఒకరు పోయినచో మూడవవంతు పోయినట్లే; ఇద్దరు పోయినచో అతిథి అధ్యాపకుడొకడు వచ్చి పాఠము చెప్పిపోవును గాని, పరిశోధకులను నడపువాడుండడు.

ఇపుడు శాసనసభకు వత్తము. 202వ అధికరణము ప్రకారము ప్రభుత్వము ఏటేట ఆయవ్యయ పట్టికను సభ ముందుంచును. 203వ అధికరణము ప్రకారము వ్యయము పద్దులుగా సభ యామోదమునకు వచ్చును. సభ ఆ పద్దును ఆమోదింపవచ్చును, తిరస్కరింపవచ్చును, తగ్గించి ఆమోదింపవచ్చును. పెంచుటకు మాత్రము అధికారము లేదు. గవర్నరు సిఫారసు లేనిదే, అనగా మంత్రివర్గము పూనుకొననిదే, ఏ పద్దును సభకు రాదు. మా మార్చి యాత్ర ఏల నిష్ఫలమైనదో ఈ యొక్క అధికరణము చదివినప్పుడు నాకు తెలిసినది. సభ్యుడెంత సమర్థుడైనను, అచ్చైన పద్దునకు ఒక్క రూపాయియు కలుపలేడు. పద్దునుండి నూరు రూపాయలు తగ్గింపవలెనని నామమాత్రపు కోత తీర్మానమిచ్చి, ఆ నెపముతో మన కష్టమును సభలో చెప్పగలడు. అది విన్నపమునకు నోరు, ధనము కాదు.

కావున అడుగవలసిన కాలము వేరు. సాధారణముగా సెప్టెంబరు, అక్టోబరు మాసములలో శాఖలు రాబోవు యేటి అంచనాలను కూర్చి ఆర్థికశాఖకు పంపును. చలికాలమంతయు వానిపై బేరము సాగును. ఫిబ్రవరి, మార్చిలలో సభకు వచ్చును. మన సంఘముల వార్షికోత్సవములు, ఉగాది సన్మానములు ఈ చివరి కాలమునకే వచ్చుట, ఆ వేదికలపైననే మంత్రులకు వినతిపత్రములిచ్చుట మన దురదృష్టము. దసరాకును కార్తీకమునకును నడుమ పోవలెను. తప్పినచో 205వ అధికరణము క్రింద నడిమి యేటవచ్చు అనుబంధ పద్దులే మిగులును. అందు కొత్త పదవికి చోటు దొరకుట అరుదు.

పత్రమునందేమి వ్రాయవలెను? మంజూరైన పదవులెన్ని, నిండినవెన్ని, ఖాళీలు ఏ యేటినుండి యున్నవి, విద్యార్థులెందరు, పరిశోధకులెందరు, ఒక పదవికి ఏటికగు వ్యయమెంత. ఇవి తెలియుటకు ఎవరిని బతిమాలనక్కరలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద విశ్వవిద్యాలయమునకు అర్జీ పెట్టినచో 30 దినములలో బదులు రావలెను. రెండవ విషయము భాష. ఏ ప్రభుత్వాధికారికైనను రాష్ట్రమునందు వాడుకలోనున్న ఏ భాషలోనైనను విన్నవించుకొను హక్కును 350వ అధికరణము మనకిచ్చినది. తెలుగున వ్రాయుట మన హక్కు. తమిళముననో, కన్నడముననో, ఒడియాననో, మరాఠీననో ఎదుటి పుటలో వ్రాయుట మన తెలివి. మూడవది, నా యభిప్రాయమున ముఖ్యమైనది: తెలుగు శాఖకని మాత్రమే అడుగరాదు. సంస్థ మొత్తము దివాలాయై యుండగా మా గదికి సున్నము వేయుడనిన వినువారుండరు. గ్రాంటు రాబడిలో సగమునకు మించవలెననుట, ఖాళీలన్నియు నింపవలెననుట మొదటి కోరికలు కావలెను; ఆ వెంట తెలుగు, కన్నడ, మలయాళ, ఉర్దూ వంటి చిన్న శాఖలలో కనీసమిన్ని పదవులు నిలువవలెననుట. అప్పుడు తమిళాచార్యులును మన పత్రముపై సంతకము చేయుదురు. మా రెండవ పత్రముపై చేసిరి.

రాష్ట్రమును బట్టి తోవలు కొంత మారును. కర్ణాటకమునను, మహారాష్ట్రమునను విధానమండలి కలదు. రెండింటను పట్టభద్రుల స్థానములు 7, ఉపాధ్యాయుల స్థానములు 7. పట్టము పొంది మూడేండ్లైనవారు పట్టభద్రుల ఓటుకు అర్హులు. కాని ఈ జాబితాను ఎన్నిక వచ్చిన ప్రతిసారియు కొత్తగా కూర్తురు. మునుపు పేరున్నదను ధైర్యము పనికిరాదు, 18వ నమూనా మరల నింపవలెను. బెంగుళూరు, షోలాపురములందలి మన పట్టభద్రులలో దీనిని చేయువారెందరో నాకనుమానమే. తమిళనాట మండలి 1986లో రద్దైనది, ఒడిశాలో లేదు. అచట శాసనసభ్యులే దిక్కు. అయినను మద్రాసు విశ్వవిద్యాలయ చట్టమున సెనేటునకు ప్రతినిధులనెన్నుకొను హక్కు నమోదైన పట్టభద్రులకు కలదు. శాసనసభ్యులకును అందు స్థానములున్నవి. యానామువారి దారి మఱియొకటి. 1985లో ఏర్పడిన పుదుచ్చేరి విశ్వవిద్యాలయము కేంద్రీయము గనుక, దాని ధనమునకు తమ శాసనసభ్యునికంటె పార్లమెంటు సభ్యునికి చెప్పుట మేలు.

మేము మరల అక్టోబరులో ఆ శాసనసభ్యునియొద్దకే పోయితిమి. ఈ సారి పత్రము ఒక్క కాగితము. ఒకవైపు తమిళము, ఒకవైపు తెలుగు. వారు తమిళపు వైపు నిలువున చదివి, కాగితమును త్రిప్పి, తెలుగు అక్షరములపై వ్రేలుంచి, "ఇందులో నా పేరెక్కడ?" అని అడిగిరి. చూపితిని. వారు తరువాతి సమావేశమున ప్రశ్న వేసిరి. రెండు పదవుల విషయము పరిశీలనలోనున్నదని ప్రభుత్వమువారి బదులు వచ్చినది. ఖాళీలు సభాపత్రములకెక్కుట అదియే మొదలు. పదవులు ఇంకను నిండలేదు. ఈ కార్తీకమున మరల పోవలసియున్నది. మా బడినుండి విద్యార్థుల పట్టిక సిద్ధమైనది. తక్కిన బడులవి వినాయకచవితి లోపల చేరవలెను.