'బోర్డు' శబ్దము: అర్థపరిణామము

ఆంగ్లమునుండి తెనిగించువారికి 'బోర్డు' అను చిన్నమాట తఱచుగా చిక్కు కలిగించును. ప్రాచీనాంగ్లమున దీనికి చెక్కపలక యని యర్థము. పలకతో చేసిన భోజనపు బల్లకును ఆ పేరే చెల్లినది. బల్లనుండి దానిపై వడ్డించు భోజనమునకును సంక్రమించినది. కావుననే 'బోర్డు అండ్ లాడ్జింగు' అనగా భోజనవసతులు. దీనిని 'బల్లయు బసయు' అని వ్రాసిన విద్యార్థి నొకనిని మే మెఱుగుదుము. తప్పు అతనిది కాదు. అర్థములను వరుసగా పేర్చి, ఒకదానినుండి మఱియొకటి యెట్లు పుట్టెనో చూపని నిఘంటువుది.

బల్లచుట్టును కూర్చుండి ఆలోచించువారి సభయు క్రమముగా బోర్డే యైనది. మన జిల్లాబోర్డులకు ఆ పేరిట్లు వచ్చినదే. ఆంధ్రప్రదేశమున 1959 నాటి శాసనముతో వాని స్థానమున జిల్లాపరిషత్తు లేర్పడినవి. తెలుగున 'బల్ల'కు పలక, మేజా యను రెండర్థములును ఉన్నను సభ యను నర్థము రాలేదు. మనవారు దానిని 'మండలి' యనిరి. ఆంగ్లేయులు నడుమనున్న బల్లను చూచిరి. మనము చుట్టునున్న వలయమును చూచితిమి. అయినను 'విద్యాపీఠము'న ఆసనమే సంస్థ యైన సంగతి మఱవరాదు.

'స్టార్‌బోర్డు' వంటి నావికపదములలో బోర్డనగా ఓడప్రక్క. ఇది మొదట వేఱుమాటయై, రూపసామ్యముచే పలకలో కలిసిపోయిన దందురు. పూర్వము చుక్కాని ఓడకు కుడివైపున నుండెడిది, స్టార్‌బోర్డనగా చుక్కానిప్రక్క. నక్షత్రములతో దానికి పొత్తులేదు.