పట్టుగుడ్డ మీద అచ్చయిన డబ్బు

జర్మనీ వాయవ్య భాగంలోని బీలెఫెల్డ్ నారబట్టల ఊరు. పాతబస్తీలో 1909లో నిలిపిన నేతగాడి విగ్రహం ఉంది. ఏటా వేసవి ముంగిట అతని పేరు మీదే సంబరాలు జరుగుతాయి. దేశమంతా కాగితం మీద డబ్బు అచ్చేసుకుంటున్న రోజుల్లో ఈ ఊరు గుడ్డను ఎంచుకుంది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే జనం నాణేలు దాచేసుకున్నారు. చిల్లర దొరక్క పురపాలక సంఘాలు, ఫ్యాక్టరీలు, గనులు సొంత నోట్లు వేసుకున్నాయి. ఇదే నోట్‌గెల్డ్, అంటే అత్యవసర డబ్బు. 1923లో అవసరం మరీ ముదిరింది. ధరలు పూటపూటకీ పెరుగుతుంటే కేంద్ర బ్యాంకు నోట్లు జీతాలకు చాలేవి కావు. పనివాళ్లను వట్టి చేతులతో ఇంటికి పంపలేక ప్రైవేటు కంపెనీలు తమ పేరుతోనే లక్షలు, కోట్ల మార్కుల నోట్లు అచ్చేసి పంచాయి. ఆ నవంబరులో ఒక్క డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులు పలికింది.

బీలెఫెల్డ్‌లో నోట్‌గెల్డ్ వేసే పని నగర పొదుపు బ్యాంకు చేసింది. దాని డైరెక్టరు పాల్ హాంకే 1921 నుంచి పట్టు, నార, మఖమలు గుడ్డల మీద నోట్లు వేయించారు. కొన్నింటికి చుట్టూ లేసు కుట్టించారు. ఒక పట్టునోటును దగ్గరగా చూడండి: అంగుళం ఖాళీ లేకుండా బొమ్మలు, నగిషీలు, అంచుల వెంబడి సన్నని అక్షరాల్లో ఆనాటి ఆకలి, ధరలు, రాజకీయాల మీద కోపం. బ్యాంకు నోటు మీద జనం గోడు అచ్చయి ఉండటం నన్ను కదిలించింది.

వీటిలో చాలావాటిని సేకరించేవాళ్ల కోసమే వేశారని, సంతలో చెల్లిన డబ్బు కాదని కొందరు తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. అమ్మిన సొమ్ము నగరానికే ఆదాయమైంది. మార్కు విలువ మట్టిలో కలుస్తున్నప్పుడు, మగ్గం పని తెలిసిన ఊరు తన చేతిలో ఉన్న మంచి సరుకునే నమ్ముకుంది.

1923 నవంబరు 15న రెంటెన్‌మార్క్ అనే కొత్త డబ్బు వచ్చాక నోట్‌గెల్డ్ అవసరం క్రమంగా తీరిపోయింది. నార పనితో ఊరిని నడిపిన రావెన్స్‌బర్గ్ నూలుమిల్లును 1970లలో కూల్చబోతే పౌరులు అడ్డుపడి కాపాడుకున్నారు. ఇప్పుడు ఆ భవనంలో వయోజనులకు తరగతులు నడుస్తున్నాయి. నగర చరిత్ర మ్యూజియం కూడా ఆ ఆవరణలోనే ఉంది.