వర్క్‌షాప్ అంటే డూప్లికేటా?

ఎల్ గ్రెకో గీసిన క్రీస్తు పుట్టుక బొమ్మలు చూస్తుంటే కొన్నిటి కింద ఆయన పేరు పక్కన 'వర్క్‌షాప్' అని ఉంది. డూప్లికేట్ అనుకున్నా. కాదు.

1611లో పచేకో అనే చిత్రకారుడు టొలెడోలో ఆయన దగ్గరికి వెళ్లాడు. గీసిన ప్రతి బొమ్మకీ ఒక చిన్న ఆయిల్ పెయింటింగ్ దాచి ఉండటం చూశాడట. (బ్యాకప్ అన్నమాట!) ఆర్డర్ వస్తే అలాంటి నమూనా చూసి శిష్యులు, కొడుకు హోర్హే మాన్యుయెల్ కూడా చెయ్యి వేసేవాళ్లు. కావాలనే సాగదీసిన ఒళ్లు, అంటే మాన్యరిజం పద్ధతి, కాపీలోకి బాగానే దిగుతుంది. పసివాడి ఒంట్లోంచి వచ్చే ఆ వెలుగు మాత్రం కష్టమే అనిపించింది నాకు.

తన సమాధి దగ్గర పెట్టడానికి పశువుల కాపరులు బాల యేసుని చూసే బొమ్మని చివరి రోజుల్లో ఆయనే గీసుకున్నాడు. ఇప్పుడది మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది.